ఒక్క గిన్నె భోజనమైతే తక్కువా?

కొరియా వాళ్ళు కనబడగానే "అన్నం తిన్నావా?" అని పలకరించుకుంటారు, అచ్చం మనలాగే. వాళ్ళ భాషలో 'బాప్' అంటే అన్నం, భోజనం కూడా. వేడన్నం మీద కూర కప్పి గిన్నెతో ఇస్తే అది 'దొప్‌బాప్', అంటే కప్పిన అన్నం. కొరియన్ సీరియళ్ళు చూసే మన పిల్లలు అడుగుతున్న చికెన్ రైస్ బౌల్ ఇదే.

చేయడం తేలికే. ఎముకల్లేని చికెన్ ముక్కలకు గోచుజాంగ్ అనే మిరప ముద్ద, సోయా సాస్, అల్లం, వెల్లుల్లి, కాస్త పంచదార పట్టించి, ఉల్లిపాయ, క్యాబేజీతో బాగా మగ్గేదాకా వేయించాలి. ముద్దలోనూ సాస్‌లోనూ ఉప్పుంటుంది, మళ్ళీ వేయకండి. అన్నం మీద వేసి, నువ్వుల నూనె చుక్క, నాలుగు ఉల్లికాడ ముక్కలు చల్లితే అయిపోయింది. వాళ్ళ బియ్యం పొట్టిగా, జిగురుగా ఉంటుంది. మనం సోనా మసూరి కాస్త మెత్తగా వండుకుంటే చాలు.

"పప్పు లేదు, పులుసు లేదు, ఇదేం భోజనం?" అనేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. కొరియాలోనూ నిండు భోజనమంటే అన్నం, సూపు, కిమ్చీ, చుట్టూ 'బాన్‌చాన్' అనే చిన్న చిన్న గిన్నెల కూరలు. పండగలకు అవన్నీ వండి వార్చి నీరసించే కోడళ్ళ అవస్థకు అక్కడ 'పండగ జబ్బు' అని పేరే పెట్టారు! అంత వంటా రోజూ ఉండాలనేది తినేవాళ్ళ ముచ్చటే కానీ వండేవాళ్ళది కాదు.

పైగా ఈ గిన్నె వెనక శ్రమ లేదనుకోకండి. గోచుజాంగ్‌ను మిరపపొడి, జిగురు బియ్యం, పులిసిన సోయా పొడి కలిపి జాడీల్లో నెలల తరబడి మాగబెడతారు. కొరియా వాళ్ళ ఈ జాంగ్‌ల తయారీని 2024లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఆవకాయా అంతే కదా! ఎండల్లో ఒకసారి పడ్డ కష్టం, ఓపిక లేని రోజున వేడన్నంతో మనల్ని ఆదుకుంటుంది.

వారానికి రెండు రాత్రులైనా ఒక్క గిన్నెతో సరిపెడదాం. ఈ వంట మగపిల్లలకీ వస్తుంది, ఎవరి గిన్నె వాళ్ళు కడుక్కోవచ్చు. "ఇవాళ ఏమీ చేయలేదు, ఇదొక్కటే" అని సంజాయిషీ చెప్పుకుంటూ మాత్రం వడ్డించకండి.