రాకుమారి ఎప్పుడూ గుహలోనే ఉండాలా?

“ఈ వయసులో మాయలూ మంత్రాలూ చదవడమేమిటండీ?” అని అడిగేవాళ్ళు నాకు చాలామందే ఎదురవుతుంటారు. సాయంత్రమంతా టీవీ ముందు కూర్చుని అత్తాకోడళ్ళ కుట్రలు చూస్తే ఎవరూ ఏమీ అనరు. చేతిలో డ్రాగన్ల కథో, గ్రహాంతర యానం కథో కనిపిస్తే మాత్రం చాదస్తం కింద జమకట్టేస్తారు. ఫాంటసీ పిల్లలకట, సైన్స్ ఫిక్షన్ కాలేజీ కుర్రాళ్ళకట, కుటుంబ నవలలు ఆడవాళ్ళకట! ఈ పంపకాలు ఎవరు చేశారో గానీ నాకు మాత్రం సమ్మతం కాదు.

అసలీ కథలు మనకేమైనా కొత్తా? కాశీమజిలీ కథలు చెప్పుకున్న ఇళ్ళు మనవి. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ కోసం నెలంతా ఎదురుచూసిన పిల్లలు ఇవాళ అమ్మమ్మలయ్యారు. ఆ కథలంటే నాకూ ప్రాణమే. అయినా ఒక మాట అడగాలనిపిస్తుంది. మాంత్రికుడు ఎత్తుకుపోవడానికీ, రాకుమారుడు విడిపించి తేవడానికీ తప్ప రాకుమారికి వేరే పనే ఉండదా?

ఇది మన కథల జబ్బు మాత్రమే కాదు. 1937లో టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’ని ప్రపంచమంతా మెచ్చుకుంది. అందులో మరుగుజ్జులున్నారు, డ్రాగన్ ఉంది, మాట్లాడే పక్షులున్నాయి. కథ నడిపే ఆడమనిషి మాత్రం ఒక్కతీ లేదు. తర్వాత ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ఎయోవిన్ అనే అమ్మాయి మగవాడెవడూ చంపలేడనుకున్న శత్రువును చంపుతుంది. చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ యుద్ధానికి వెళ్ళడానికి ఆమె కూడా మగవేషం వేయాల్సొచ్చింది!

మరి ఆడవాళ్ళు కలం పట్టినప్పుడు ఏం జరిగింది? సైన్స్ ఫిక్షన్‌కి ఆది అని చాలామంది చెప్పే ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మేరీ షెల్లీ రాసింది. మొదలుపెట్టేటప్పటికి ఆమెకు 18 ఏళ్ళు. 1818లో పుస్తకం అచ్చయినప్పుడు దాని మీద ఆమె పేరు లేదు. చాలామంది దాన్ని భయంకరమైన రాక్షసుడి కథ అనుకుంటారు. నన్నడిగితే అది ఒక ప్రాణిని పుట్టించి, దాని ముఖం చూసి అసహ్యించుకుని వదిలేసి పారిపోయిన వాడి కథ. పుట్టించడం గొప్ప కాదు, పుట్టించినదాన్ని సాకడం గొప్ప అని మనకి వేరే చెప్పాలా? పిల్లల్ని పెంచిన ఏ తల్లికైనా ఆ పుస్తకం ఇట్టే అర్థమవుతుంది.

మన దేశం సంగతే చూడండి. 1905లో రొకేయా సఖావత్ హుస్సేన్ అనే బెంగాలీ ముస్లిం మహిళ ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే చిన్న కథ ఇంగ్లీషులో రాసింది. కమలా సత్యనాథన్ మద్రాసు నుంచి నడిపిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అది అచ్చయింది. ఆ కథలోని దేశంలో మగవాళ్ళు పరదాలో ఉంటారు, ఆడవాళ్ళు రాజ్యం ఏలతారు. మబ్బుల్లోంచి నీళ్ళు తీసుకుంటారు. ఎండ వేడితో వంట చేస్తారు, పొయ్యి దగ్గర పొగ ఉండదు. తను పరదాలో పెరిగి, పొగలేని వంటిల్లు ఊహించిందంటే ఆమె ఎంత దూరం చూసిందో ఆలోచించండి. “మగవాళ్ళని అలా లోపల పెట్టడం అన్యాయం కదూ?” అంటారేమో. అన్యాయమే. మరి ఆడవాళ్ళని పెట్టినప్పుడు అది మామూలు సంగతి ఎందుకయింది? ఈ ప్రశ్న మనచేత అడిగించడానికే ఆమె లోకాన్ని తిరగేసి చూపించింది.

నాకు బాగా నచ్చిన ఇంకొక రచయిత్రి అర్సులా లెగ్విన్. ఎర్త్‌సీ అనే ద్వీపాల లోకం గురించి ఆమె 1968లో రాసిన మొదటి నవలలో మంత్రవిద్య నేర్పే బడిలో అందరూ మగవాళ్ళే. 1990లో వచ్చిన నాలుగో నవల ‘టెహాను’ దగ్గరికి వచ్చేసరికి ముఖ్యపాత్ర భర్త పోయిన ఒక నడివయసు రైతు స్త్రీ. ఆమె దగ్గర కాలిన గాయాలతో చిన్నపిల్ల. మహామాంత్రికుడేమో శక్తులన్నీ పోగొట్టుకుని మామూలు మనిషయ్యాడు. మంత్రాలు ఎవరివి, చాకిరీ ఎవరిది అని ఫాంటసీలో నిలదీసిన పుస్తకమది. మన ఇళ్ళల్లో రోజూ నడిచే కథే కదా!

అలాగని ఈ నవలలన్నీ గొప్పవని నేననను. కొన్నిట్లో యంత్రాల వర్ణన తప్ప మనిషి ఉండడు. కొన్ని నాలుగు సంపుటాలైనా ముగియవు. అంతరిక్ష నౌకలో వందమంది ప్రయాణిస్తుంటారు గానీ వాళ్ళకి అన్నం ఎవరు వండుతున్నారో రచయితకే పట్టదు! అలాంటివి నేను సగంలోనే మూసేస్తాను. బాగోని కుటుంబ నవలని మాత్రం చివరిదాకా చదువుతామా ఏం?

నా బాధల్లా ఒక్కటే. మన అమ్మాయి చేతిలో ఇలాంటి పుస్తకం చూడగానే “పనికొచ్చేది చదువు” అని లాగేసుకుంటాం. ఉన్న లోకంలో సర్దుకుపోవడం ఆడపిల్లకి పుట్టినప్పటినుంచీ నేర్పుతూనే ఉన్నాం. ఇలా కాకుండా ఇంకోలా ఉంటే ఎలా ఉంటుంది అని ఆలోచించడం మాత్రం నేర్పడం లేదు. ఆ పని ఈ కథలు చేస్తాయి. సోలార్ కుక్కర్ ఇంటికి రాకముందే ఒకావిడ మనసులో వెలిగింది కదా!

కాబట్టి ఈసారి పుస్తకాల షాపుకి వెళ్తే ఆ అరవైపు కూడా ఒక అడుగు వేయండి. పెద్ద పుస్తకాలంటే భయమైతే రొకేయా కథతో మొదలుపెట్టండి. అన్నం ఉడికేలోపు అయిపోతుంది. చదివాక మీ అమ్మాయికివ్వండి. మీ అబ్బాయికి కూడా ఇవ్వండి, వాడూ చదవాలి!