ఆంగ్ల వ్యాకరణమును ఎచ్చట వెదకవలెను?

ఇంగ్లీషు వ్యాకరణ మనగానే మన బాలబాలికలకు జ్ఞప్తికి వచ్చునది ఒక పుస్తకము, అందలి నిర్వచనములు, వాని క్రింద ముప్పది ఖాళీలు. ఆ ఖాళీలను పూరించినవారు వ్యాకరణము వచ్చినవారు, పూరింపలేనివారు రానివారు. ఇరువది సంవత్సరములుగా నేను గూడ ఈ తక్కెడతోనే పిల్లలను తూచుచు వచ్చితిని. తక్కెడలో లోపమున్నదని నాకు తెలియజేసినది ఒక ఉత్తరము. ముందు ఆ సంగతి చెప్పి, పిమ్మట నా అభిప్రాయమును మనవి చేసెదను.

కొన్ని యేండ్ల క్రిందట పదియవ తరగతి బాలు డొకడు విద్యార్థివేతనమునకై ఒక కార్యాలయమునకు అర్జీ పంపుకొనెను. తండ్రి కూలిపని చేయువాడు, ఇంగ్లీషు ఎరుగడు. కొలది దినములకు జవాబు వచ్చినది. అం దొకటే వాక్యము: ‘అన్‌లెస్ ది ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఈజ్ రిసీవ్డ్ బిఫోర్ ది ఎండ్ ఆఫ్ దిస్ మంత్, యువర్ అప్లికేషన్ విల్ బి రిజెక్టెడ్.’ పిల్లవాడు దానిని చదివి, ‘నాయనా, సర్టిఫికెట్ అందలేదట, అర్జీ కొట్టివేయుదురట’ అని చెప్పెను. తండ్రి మారుమాటాడక ఆ కాగితమును మడిచి చూరులో దోపెను. రెండు నెలల తరువాత అది నా చేతికి వచ్చినది. ఆదాయ ధ్రువపత్రము వారి ఇంటిలోనే యున్నది. గడువు మాత్రము దాటిపోయినది.

ఆ బాలుడు మందమతి కాడు. ‘అన్‌లెస్’ అను మాటకు అర్థము అప్పగింపగలడు. కర్తరి వాక్యమును కర్మణి వాక్యముగ మార్చుటలో నావద్ద పూర్తి మార్కులు పొందినవాడు. మరి ఎందుకు తప్పిపోయెను? అతనికి తెలియనిది మాట కాదు. వాక్యములో ఎచ్చట చూడవలెనో తెలియలేదు. ఆ తెలియమికి ఉపాధ్యాయుడనగు నేను ఉత్తరవాదిని.

తెలుగులో ఈ సంగతిని ‘పత్రము అందనిచో అర్జీ త్రోసివేయబడును’ అని వ్రాయుదుము. షరతును తెలుపు ‘చో’ అను చిన్న ప్రత్యయము క్రియకు తోకవలె చివర నుండును. మన చెవి పుట్టినది మొదలు ఆ తోక కొరకే వేచియుండును. ఇంగ్లీషులో ఆ పనియే చేయు ‘అన్‌లెస్’ వాక్యమునకు తలవలె ముందే నిలుచును. తలను దాటిపోయి తోకకై వెదకినవానికి షరతు కనబడదు. ఇంతేకాదు. ‘ఈజ్ రిసీవ్డ్’ అనునది చూపునకు వర్తమానకాలమే. కాని ‘ఇఫ్’, ‘అన్‌లెస్’, ‘వెన్’ మొదలగు మాటల వెనుక ఆ వర్తమానము సాధారణముగ రాబోవు కాలమునే చెప్పును. ఈ రెండు సంగతులు తెలిసియుండిన పక్షమున ఆ ఉత్తరము తిరస్కారము కాదనియు, అది పిలుపే యనియు బాలునికి తోచియుండును.

స్థానమునకు ఇంగ్లీషులో ఇంత ప్రాధాన్య మెందులకు? ‘రాముడు సోముని పిలిచెను’ అన్నను, ‘సోముని రాముడు పిలిచెను’ అన్నను మనకు అర్థ మొక్కటియే; విభక్తి ప్రత్యయము కర్మను పట్టి యిచ్చుచున్నది. ఇంగ్లీషులో ఆ రెండు పేర్లను తారుమారు చేసినచో పిలిచినవాడే పిలువబడినవా డగును. వేయి సంవత్సరముల క్రిందట ఇంగ్లీషు నామవాచకములకు సైతము విభక్తులను తెలుపు ప్రత్యయము లుండెడివి. తరువాతి శతాబ్దములలో అవి అరిగిపోయినవి. ‘హి’, ‘హిమ్’ వంటి సర్వనామములయందు ఆ పాత గుర్తులు నేటికిని కొన్ని మిగిలియున్నవి. ప్రత్యయములు చేసిన పనిలో పెద్దపాలు స్థానముపై పడినది. కావున ఇంగ్లీషు వ్యాకరణమనగా ముఖ్యముగ ఏ మాట ఎచ్చట నిలిచినదో చూచు విద్య యని నా తలంపు.

ఈ విద్యకు ఉదాహరణములు వెదకి దూరము పోనక్కర లేదు. అంగడిలో నిచ్చు బిల్లు అడుగున తరచుగ ఈ వాక్యము కనబడును: ‘గూడ్స్ వన్స్ సోల్డ్ విల్ నాట్ బి టేకెన్ బ్యాక్.’ ‘సోల్డ్’ అను మాటను చూడగానే పిల్లలు అదియే క్రియ యనుకొని ‘సరుకులు అమ్మెను’ అని ఆరంభించి తడబడుదురు. మనము ‘ఒకసారి అమ్మిన సరుకు’ అని విశేషణమును ముందు పెట్టుదుము. ఇంగ్లీషువారు ఇట్టి చోట ‘సరుకు’ను ముందు చెప్పి ‘ఒకసారి అమ్మిన’ను దాని వెనుక తగిలింతురు. సమాపకక్రియ అంతకు తరువాత ‘విల్’ వద్ద మొదలగును. రైలుపెట్టెలో ‘టు స్టాప్ ట్రైన్ పుల్ చైన్’ అను అయిదు మాటలు చూడుడు. మొదటి మూడు మాటలు ఏ ప్రయోజనము కొరకో చెప్పును. ‘పుల్’ అనునదే ఆజ్ఞ. కర్త లేదు, చదువువాడే కర్త. బల్లపై చోటు తక్కువ గనుక ‘ది’ అను ఉపపదము రెండుచోట్లను వదలివేయబడినది.

కర్మణి ప్రయోగమును మనము నేర్పు తీరును గూడ ఆలోచింపుడు. ‘బై’ అను మాటతో కర్తను తెచ్చి చివర నిలిపినగాని మనము మార్కు వేయము. నిత్యము వ్రాయబడు వాక్యములలో మాత్రము కర్తను చెప్పనక్కర లేనప్పుడే ఆ ప్రయోగము మిక్కిలిగా వచ్చును. ‘విల్ బి రిజెక్టెడ్’ అన్న కార్యాలయము త్రోసివేయువా రెవరో చెప్పలేదు. రాండాల్ఫ్ క్విర్క్ మొదలగు పండితులు 1985లో ప్రకటించిన బృహద్వ్యాకరణమునందు, కర్మణి వాక్యములలో సుమారు అయిదింట నాలుగింటికి కర్త చెప్పబడదని వ్రాసిరి. మనము పిల్లలచేత దినదినము చేయించుచున్నది ఆ మిగిలిన యొక పాలు మాత్రమే!

సామాన్యుల వ్రాతలో వ్యాకరణమును వెదకుట నేను క్రొత్తగ కల్పించిన మాట కాదు. అమెరికాలో చార్లెస్ ఫ్రైస్ 1940లో ప్రకటించిన ‘అమెరికన్ ఇంగ్లీష్ గ్రామర్’ అను గ్రంథమునకు ఆధారము మహాకవుల కావ్యములు కావు. సాధారణ జనులు తమ ప్రభుత్వమునకు వ్రాసికొన్న ఉత్తరములు. క్విర్క్ 1959లో ఆరంభించిన భాషాపరిశీలనము గూడ జనులు నిజముగ వ్రాసిన, మాటలాడిన ఇంగ్లీషునే ప్రోగుచేసినది. పండితులు ఆ ఉత్తరములయొద్దకు పోయిరి. మన ఇంటికి వచ్చిన ఉత్తరమును మనము చూరులో దోపుచున్నాము.

‘నిర్వచనములు లేకున్న క్రమశిక్షణ యెట్లు కలుగును? మేమందరము అట్లే నేర్చుకొంటిమి గదా’ అని కొందరు పెద్ద లందురు. వారి మాటలో నిజము లేకపోలేదు. పేర్లు లేనిదే ఉపాధ్యాయుడు తప్పును చూపి మాటలాడలేడు. నేను పేర్లను విడువుమనలేదు; వరుసను మార్చుమనుచున్నాను. ముందు వాక్యము, పిదప దానిలోని పని, ఆ పిదప ఆ పనికి పేరు. బిడ్డ ముందు మనిషిని గుర్తుపట్టును; ఆ తరువాతనే పేరు పలుకును.

కావున విద్యార్థులారా, మీలో ప్రతియొక్కరును ఒక చిన్న పుస్తకము పెట్టుకొనుడు. వారమునకు ఒక నిజమైన వాక్యమును మందుసీసానుండియో, బిల్లునుండియో, ప్రకటననుండియో, ఇంటికి వచ్చిన ఉత్తరమునుండియో అందులో వ్రాసికొనుడు. మూడు ప్రశ్నలు వేయుడు: సమాపకక్రియ ఏది? దాని కర్త యెవరు? తక్కిన మాటలలో ఏది దేనిని అంటిపెట్టుకొనియున్నది? పిమ్మట దానిని తెలుగులో చెప్పుడు. సంవత్సరాంతమున మీవద్ద నలుబది వాక్యము లుండును. మూడువందల ఖాళీలకంటె అవి మీకు మేలు చేయునని నా నమ్మకము.

తలిదండ్రులకు ఒక విన్నపము. మీకు ఇంగ్లీషు రాదని వెనుదీయకుడు. కాగితము వచ్చినపుడు పిల్లవానిచేత చదివించి, ‘ఇప్పుడు మనము ఏమి చేయవలెనట?’ అని అడుగుడు. జవాబు పొసగకున్న ఆ కాగితమును చూరులో దోపక మాయొద్దకు పంపుడు. మేము చూచెదము.

ఆ బాలుడు మరుసటి సంవత్సరము మరల అర్జీ పెట్టెను. ఈసారి వచ్చిన ఉత్తరమును మే మిద్దరమును కలిసి, మొదటి మాట మొదలుకొని చదివితిమి.