నిజాం విమానాలు, కంచరగాడిదల సిపాయిలు



పోయిన జుమ్మా నమాజ్ అయ్యాక కలిదిండిలో మస్జిద్ వరండాలో మన పిల్లలు ఫోన్‌లో ఏదో మెసేజ్ చూసి మురిసిపోతున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌ను కాపాడింది నిజాం విమానాలేనట. "చూశారా మామూ, మన ఖౌమ్ తాఖత్!" అన్నాడొకడు.

అందులో సగం సచ్ ఉంది. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన పైసలకు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. దాని చిహ్నంలో నిజాం దస్తార్ ఉంటుంది. 1940లో జర్మన్లు మీదికొస్తే ఆ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు ఇంగ్లండు దక్షిణ తీరాన్ని కాచాయి. కానీ ఆ పైసలు ఎవరివి? రైతు కట్టిన శిస్తు. నడిపింది ఎవరు? ఎక్కువమంది తెల్లవాళ్లే. పైగా మన కలిదిండికీ ఆ రియాసత్‌కీ తాల్లుక్ తెగి అప్పటికే చాలా కాలమైంది. 1766లోనే ఉత్తర సర్కార్లను కంపెనీకి రాసిచ్చేశారు కదా!

ఫఖర్ పడాలంటే నేను వేరేవాళ్లను చూపిస్తాను. 1939 డిసెంబరులో ఇక్కడి నుంచి నాలుగు కంచరగాడిదల కంపెనీలు ఫ్రాన్స్ చేరాయి. సిపాయిల్లో ఎక్కువమంది పంజాబీ ముసల్మాన్లు. చలికాలం బురదలో లారీలు దిగబడితే సామాను మోయడం వాళ్ల పని. 1940లో ఒక కంపెనీ జర్మన్లకు ఖైదీ అయింది. మిగతావాళ్లు గాడిదలను అక్కడే వదిలేసి డంకర్క్ దగ్గర సముద్రం దాటారు. రేపో మాపో దుష్మన్ దిగుతాడని బ్రిటన్ వణుకుతున్న రోజులవి. వీళ్లు అక్కడే ఉండిపోయారు. డెవన్‌లో, వేల్స్‌లో, స్కాట్లాండ్ కొండల్లో 1944 మొదలుదాకా డ్యూటీ చేశారు. వోకింగ్‌లోని షాజహాన్ మస్జిద్‌లో ఈద్ నమాజ్ చదివారు. కొందరి ఖబర్లు స్కాట్లాండ్‌లోని కింగుస్సీలో ఉన్నాయి. 2017లో డంకర్క్ మీద అంత పెద్ద సినిమా వచ్చింది. అందులో వీళ్ల జాడే లేదు.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ ఖిస్సాను మన వఫాదారీకి రసీదులా జేబులో పెట్టుకుని తిరగొద్దు. వాళ్లు వెళ్లింది చాలావరకు నౌకరీ కోసం, ఇంటికి మనీఆర్డరు పంపడం కోసం. ఏ సల్తనత్‌ను కాచారో అదే సల్తనత్ కింద 1943లో బెంగాల్ ఆకలితో చచ్చింది. ఈ వతన్‌లో మన హక్ ఎవరి యుద్ధంలోనో సంపాదించుకున్నది కాదు. ఇక్కడ పుట్టాం, ఈ కొల్లేరు చేపే తిని పెరిగాం. అది చాలదా?

మరి ఎందుకు యాద్ చేసుకోవాలి? ఇన్సాఫ్ కోసం. నవాబుల పేర్లు బిల్లల మీద నిలిచిపోతాయి. సామాను మోసినవాడి పేరు వాడి ఇంట్లోవాళ్లు చెబితేనే ఉంటుంది.

అందుకే ఆ పిల్లలకు ఒక పని చెప్పాను. కలిదిండి, కైకలూరు, ఏలూరు, ఎక్కడైనా సరే, మీ దాదాలో, నానాలో, వాళ్ల భాయీలో ఫౌజ్‌కు వెళ్లారేమో దాదీమాను అడగండి. ట్రంకుపెట్టెలో పాత డిశ్చార్జి కాగితం దొరికితే ఫోటో తీయండి. పేరు, ఊరు, ఏ సాల్‌లో వెళ్లారో రాసిపెట్టండి. ఫార్వర్డ్ మెసేజ్‌కన్నా అదే మన అసలు తారీఖ్.

కింగుస్సీలో పడుకున్నవాళ్లను అల్లాహ్ మగ్ఫిరత్ చేయుగాక. ఆమీన్.