పోర్ట్ తెరిచా... అయినా తమ్ముడు రాలేదు!

‘‘నువ్వు సాఫ్ట్‌వేరే కదా అక్కా, ఇది కూడా రాదా?’’ అని మా పిన్ని కొడుకు అడిగేసరికి రాత్రి ఒంటిగంట దాటింది.

2020 లాక్‌డౌన్‌లో మా అక్కచెల్లెళ్లం, తమ్ముళ్లం నలుగురం తెనాలిలో అమ్మమ్మ వాళ్లింట్లో ఇరుక్కుపోయాం. అప్పుడే మైన్‌క్రాఫ్ట్‌లో ఆ ఇంటిని కట్టాం. పెంకులు, బావి, పశువుల కొట్టంతో సహా. అందరం ఒకే వైఫైలో ఉన్నాం కాబట్టి పోర్టుల గొడవే రాలేదు. అసలు ఇంటిని పోయినేడు పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశారు. ఇప్పుడు మిగిలింది నా పాత ల్యాప్‌టాప్‌లోని ఆ ఫోల్డర్ ఒక్కటే. తమ్ముడేమో ఆగస్టులో ఎమ్మెస్‌కి వెళ్లిపోతున్నాడు. ఎవరెక్కడున్నా శనివారాలు అక్కడే కలుద్దాం, సర్వర్ నేను పెడతానని మాటిచ్చేశా.

మీ రౌటర్‌ని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అనుకోండి. లోపలివాళ్లు తెప్పించుకున్న పార్సిల్ అయితే సరిగ్గా పంపిస్తాడు. ఎవరూ చెప్పకుండా వచ్చినవాణ్ని గేటు దగ్గరే ఆపేస్తాడు. ‘25565 అని అడుగుతూ ఎవరైనా వస్తే మా ఫ్లాట్‌కి పంపించు’ అని ముందే చెప్పిపెట్టడమే పోర్ట్ ఫార్వర్డింగ్. జావా ఎడిషన్‌కి 25565, టీసీపీ. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్‌కైతే 19132, యూడీపీ. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు.

రౌటర్ పేజీ తెరిచి ముందు ల్యాప్‌టాప్‌కి ఐపీ రిజర్వ్ చేశా. లేకపోతే రీస్టార్ట్ అయినప్పుడు ఫ్లాట్ నంబర్ మారిపోవచ్చు. తర్వాత పోర్ట్ రూల్ రాశా, విండోస్ ఫైర్‌వాల్‌లో జావాకి అనుమతిచ్చా. వైజాగ్‌లో ఉన్న వాడికి మాత్రం ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’. మూడు గంటలు అదే తంతు. ఒక వీడియోలో ‘డీఎంజెడ్ ఆన్ చేసెయ్ బ్రో’ అన్నాడు. చెయ్యకండి. ఒక పోర్టు కోసం ల్యాప్‌టాప్ మొత్తాన్ని నడిరోడ్డు మీద పెట్టడమే అది.

అసలు సంగతి రెండు నిమిషాల్లో తేలేది. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఉంటుంది. గూగుల్‌లో ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని కొడితే ఇంకోటి వస్తుంది. ఆ రెండు ఐపీవీ4 అడ్రస్‌లూ ఒకటి కాకపోతే మీ రౌటర్‌లో ఎన్ని రూల్స్ రాసినా దండగ. నాది 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరసను 2012లో ఇలాంటి పనికోసమే పక్కన పెట్టారు. దాని పేరు సీజీనాట్. ఐపీవీ4లో ఉన్నవే దాదాపు 430 కోట్ల అడ్రస్‌లు. ఆసియా-పసిఫిక్ నిల్వ 2011 ఏప్రిల్‌కే అడుగంటింది. అందుకే కంపెనీలు ఒకే అడ్రస్‌ను బోలెడు ఇళ్లకు పంచుతున్నాయి. అంటే మన వాచ్‌మన్ వెనకాల కాలనీ మొత్తానికి ఇంకో గేటుంది. ఆ వాచ్‌మన్ మన మాట వినడు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘‘స్పీడ్ బాగానే వస్తోంది కదా మేడం’’ అన్నారు. మూడో కాల్‌లో ‘‘స్టాటిక్ ఐపీ కావాలి’’ అని సూటిగా అడిగితే పని జరిగింది. దానికి నెలనెలా అదనంగా కట్టాలి. అంత ఎందుకనుకుంటే టెయిల్‌స్కేల్ లాంటి యాప్ అందరూ వేసుకుంటే చాలు, పోర్టే తెరవక్కర్లేదు. మా పెద్దమ్మ కూతురితో ఫోన్లో యాప్ ఇన్‌స్టాల్ చేయించే ఓపిక నాకు లేదు, అందుకే డబ్బులు కట్టా.

బుధవారం రాత్రి పోర్ట్ తెరుచుకుంది. సొంత వైఫై నుంచి చూస్తే కొన్ని రౌటర్లలో తెరిచినా మూసినట్టే కనిపిస్తుంది. అందుకని మొబైల్ డేటాతో చెక్ చేశా. పొద్దున్నే లాగ్ చూస్తే, మా నలుగురిలో ఎవరిదీ కాని పేరు ఒకటి లోపలికొచ్చి వెళ్లింది. 25565 తెరిచి ఉన్న ఇళ్లకోసం నెట్ అంతా గాలించే బాట్లుంటాయి. గుండె ఝల్లుమంది. ముందు ఫోల్డర్ తెరిచి ఇల్లు చెక్కుచెదరలేదని చూసుకుని, బ్యాకప్ తీసి, వైట్‌లిస్ట్ ఆన్ చేసి నాలుగే పేర్లు ఎక్కించా. మీరు ఇది పోర్ట్ తెరవకముందే చెయ్యండి.

శనివారం పదింటికి చాట్‌లో మెసేజ్ పడింది.

‘‘అక్కా, బావి దగ్గరున్నా. నువ్వెక్కడ?’’