లేని పద్మశ్రీ

ఈమధ్య ఒక సంస్మరణ సభ ఆహ్వానపత్రం మా కార్యాలయానికి వచ్చింది. "పద్మశ్రీ నెదునూరి కృష్ణమూర్తి" అని పెద్దక్షరాల్లో, దాని కింద "అన్నమయ్య పాటల స్వరకర్త" అని చిన్నక్షరాల్లో వేశారు. నిర్వాహకుల పేరు చెప్పం, వాళ్ల ఉద్దేశం మంచిదే. కాకపోతే నెదునూరికి పద్మశ్రీ రాలేదు. పద్మ పురస్కారాల్లో ఏదీ రాలేదు. గురువు శ్రీపాద పినాకపాణికి 1984లో పద్మభూషణ్ వచ్చింది. అదే గురువు దగ్గర నేర్చుకున్న శ్రీరంగం గోపాలరత్నానికి 1992లో పద్మశ్రీ, నూకల చినసత్యనారాయణకు 2010లో పద్మభూషణ్ వచ్చాయి. 2014 డిసెంబర్ 8న విశాఖలో కన్నుమూసేదాకా నెదునూరికి పద్మ ఇవ్వాలన్న ఊసు మాత్రం ఢిల్లీకి పట్టలేదు. ఢిల్లీ ఇవ్వనిది మనమే అచ్చువేసి ఇచ్చేశాం. పోనీ, అభిమానం అనుకుందాం.

మాకు కష్టం కలిగించింది పెద్దక్షరాల తప్పు కాదు, చిన్నక్షరాల ఒప్పు.

పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో 1927లో పుట్టి, విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ద్వారం నరసింగరావు దగ్గర గాత్రం, వయొలిన్ నేర్చుకుని, 1949 నుంచి పినాకపాణి దగ్గర బాణీ దిద్దుకుని, 1951లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వేదిక ఎక్కి, 1991లో ఆ అకాడమీ చేతే సంగీత కళానిధి అనిపించుకున్న గాయకుడాయన. రెండు మెట్ల మధ్య నలభై ఏళ్ల కచేరీలున్నాయి. అవన్నీ ఆ ఆహ్వానపత్రంలో ఎక్కడికి పోయాయి?

అన్నమయ్య పాటలకు ఆయన చేసింది తక్కువ పని కాదు. ఆ పాటలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరుంటుంది గాని స్వరం ఉండదు. వరస కట్టడమంటే దాదాపు మళ్లీ పుట్టించడమే. "నానాటి బ్రతుకు నాటకము"కు ఆయన ఎంచుకున్న రేవతినే చూడండి. గాంధారం లేదు, ధైవతం లేదు. మిగిలిన అయిదింటిలో నిషాదం, షడ్జం, రిషభం వేదపఠనంలో మన చెవికి అలవాటైన మెట్లే. పుట్టడం, పోవడం నిజమని చెప్పే పాట చేతికిస్తే మరొకరు ముఖారి వెతుక్కుందురు, వినేవాళ్లను కాసేపు ఏడిపింతురు. నెదునూరి ఏడవనివ్వలేదు. జరిగేది జరుగుతుందని పురోహితుడు మంత్రం చెప్పుకుపోయినట్టు ఆ పాట నడిచిపోతుంది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతుతో అది ఇంటింటికీ చేరింది.

ఆ ఎంపిక ఎక్కడి నుంచి వచ్చింది? ఏ రాగం ఎంత బరువు మోస్తుందో ఏళ్ల తరబడి ఆలాపనలో తూచి చూసినవాడికే అది చేతనవుతుంది. పినాకపాణి బాణీలో గమకానికి పెద్దపీట. అది నిలబడాలంటే కాలప్రమాణం నెమ్మదిగా ఉండాలి, గాయకుడికి ఓర్పు ఉండాలి. నెదునూరి చప్పట్ల కోసం తారస్థాయికి ఎగబడే మనిషి కాదు. స్వరకర్త పుట్టింది ఆ గాయకుడి కడుపునే. గాయకుణ్ణి చెరిపేసి స్వరకర్తకు దండ వేస్తే అది ఎవరి మెడలో పడుతుంది?

ఇందులో మన జాతి గుణం ఒకటుంది. ఉత్తరం కళ్లకద్దుకుని, తెచ్చిన తపాలా బంట్రోతును గుమ్మంలోంచే పంపేస్తాం. బాలాంత్రపు రజనీకాంతరావు "ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము"కు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. గొప్ప పుస్తకం, రావలసిన బహుమతి. వాగ్గేయకారుడు మాటలు రాశాడు కనుక సాహిత్యం గడప దాటనిచ్చాం. మరి గాయకుడి చరిత్రో? ఆలాపనలో మాటలుండవు, నెరవులో ఉన్నది ఒక్క పాదం. అక్కడ మన సాహిత్య పండితులకు చూపు ఆనదు. వేమన మీద ఉపన్యాసాలిచ్చి, అన్నమయ్య పాటలకు వరసలు కట్టి, 1974లో సంగీత కళానిధి అయిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు సాహిత్యానికీ సంగీతానికీ మధ్య ఉన్న ఆ గోడను లెక్కచేయలేదు. ఆయన వెళ్లాక మనం దాన్ని మళ్లీ కట్టుకున్నాం, ఇంకాస్త ఎత్తుగా.

మూడు పేజీల కథ మీద ముప్పై పేజీల విమర్శ రాయగల వీరులున్నారు మనకు. మూడు గంటల కచేరీకి దొరికేది మూడు వాక్యాలు: శ్రోతలు మంత్రముగ్ధులయ్యారు, గానం వీనులవిందుగా సాగింది, విద్వాంసుణ్ణి ఘనంగా సత్కరించారు. ప్రధాన రాగం ఏది, నెరవు ఎక్కడ ఎత్తుకున్నారు, పల్లవి ఏ తాళంలో, వయొలిన్ ఏం బదులిచ్చింది, ఒక్క ముక్క ఉండదు. శాలువా కప్పిన ఎమ్మెల్యే పేరు మాత్రం ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా ఉంటుంది. సంగీతం వినడానికే గాని రాయడానికి కాదని కొందరు పెద్దలంటారు. మద్రాసు వాళ్లు వింటూనే 1930 నుంచి మ్యూజిక్ అకాడమీ పత్రిక నడిపారు. తెలుగు విద్వాంసుడు పాడిన తెలుగు కృతి ఎలా ఉందో తెలుసుకోవాలంటే మనం ఇవాళ ఇంగ్లీషులో, అరవంలో వెతుక్కుంటున్నాం. పద్మశ్రీ అబద్ధం అచ్చులోకి ఎక్కిందంటే, పక్కన పెట్టి సరిచూసుకోవడానికి నిజం తెలుగులో అచ్చులో లేకే గదా.

నెదునూరి కచేరీలు ఎదురుగా కూర్చుని విన్నవారు విజయనగరంలో, విశాఖలో, బెజవాడలో, తిరుపతిలో ఇంకా ఉన్నారు. వారు రాస్తే అచ్చువేస్తాం. ఏ ఊళ్లో, ఏ ఏడు, పక్కవాద్యం ఎవరు, ఏ రాగంలో ఆయన ఏం చేశారు, ఎక్కడ నచ్చింది, ఎక్కడ నచ్చలేదు, ఇవన్నీ కావాలి. విశేషణాలు తగ్గించండి. శాలువాల ఫోటోలు పంపకండి, వేయం.