పాత కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు: తయారీదారుల బాధ్యత ఎంతవరకు?

భూసార పరీక్షా ప్రయోగశాలలలో జింకు, ఇనుము, మాంగనీసు, రాగి వంటి సూక్ష్మపోషకాలను కొలిచే అటామిక్ అబ్జార్‌ప్షన్ స్పెక్ట్రోఫోటోమీటరు, సక్రమమైన నిర్వహణ ఉన్నచో పదిహేనేళ్లకు పైగా పనిచేయగలదు. దానిని నడిపే కంప్యూటరుకు మాత్రం అంత ఆయుష్షు దక్కడం లేదు. కారణం యంత్రం చెడిపోవడం కాదు; దానిలోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తయారీ సంస్థ అప్‌డేట్లను నిలిపివేయడం. కొత్త సిస్టమ్‌ను అమర్చితే పరికరపు సాఫ్ట్‌వేరు తరచుగా మొరాయిస్తుంది. పాతదానినే ఉంచితే నెట్‌వర్కుకు కలపడం ప్రమాదకరం. ఈ రెండింటి నడుమ చిక్కుకున్న ప్రయోగశాలలలో ఫలితాలు పెన్‌డ్రైవుల ద్వారా ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి చేరుతున్నాయి; వైరస్‌లు కూడా అదే దారిన చేరుతున్నాయి.

ఈ సమస్య 2025 అక్టోబరు 14తో మరింత తీవ్రమైనది. ఆ రోజుతో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. 2021లో వచ్చిన విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగంతోపాటు, ఇంటెల్ ప్రాసెసరైతే కొద్ది మినహాయింపులతో ఎనిమిదవ తరానికి చెందినది గాని, అంతకన్న కొత్తది గాని ఉండాలి. ఎనిమిదవ తరం ప్రాసెసర్లు మార్కెట్లోకి వచ్చినది 2017 చివరి భాగంలో. అప్పటికే దుకాణాలలో ఉన్న ఏడవ తరం యంత్రాలు ఆ తరువాత కూడా అమ్ముడయ్యాయి. విండోస్ 10కు పదేళ్లు మద్దతు ఇచ్చామని సంస్థ చెప్పడం లెక్కప్రకారం నిజమే; అది 2015 జూలైలో విడుదలైనది. అయితే 2018లో ఆ యంత్రాన్ని కొన్న వారికి దక్కినవి ఏడేళ్లు మాత్రమే. కాలాన్ని విడుదల తేదీ నుండి లెక్కించాలా, అమ్మకం తేదీ నుండి లెక్కించాలా అన్నదే ఇక్కడ అసలు వివాదం.

తయారీదారుల వాదన తోసిపుచ్చదగినది కాదు. ప్రతి అప్‌డేటును వేలాది పాత భాగాల కలయికలపై పరీక్షించడం ఖర్చుతో కూడిన పని. డ్రైవర్లు రాసిన సంస్థలు కొన్ని ఆ పనిని ఎప్పుడో వదిలివేశాయి. గూఢలిపి తాళాలను విడిగా భద్రపరచే టీపీఎం వంటి భాగాల వలన భద్రత పెరుగుతుందనడంలోనూ సందేహం లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరైన లినక్సు సైతం 2012లో 386 ప్రాసెసరుకు మద్దతును తొలగించినది; అయితే ఆ ప్రాసెసరు పుట్టినది 1985లో అన్న సంగతిని మరువరాదు. ఇంతకూ తేల్చవలసినది ఒకటే. టీపీఎం లేని యంత్రం కొత్త యంత్రమంత సురక్షితం కాకపోవచ్చును. కాని అప్‌డేట్లు అందే పాత యంత్రం, అప్‌డేట్లు అందని అదే యంత్రం కన్న నిశ్చయంగా సురక్షితం. భద్రత పేరిట కొత్త సిస్టమ్‌కు అర్హత నిరాకరించి, ఆపై పాత సిస్టమ్‌కు రక్షణనూ ఆపివేయడం ఆ భద్రతా వాదానికే విరుద్ధం.

వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఈ భేదం కొత్తది కాదు. బాపట్ల పరిశోధనా కేంద్రం నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బీపీటీ 5204, బాక్టీరియా ఎండాకు తెగులుకు సులభంగా లోనవుతుంది. ఆ కారణంతో ఆ రకాన్ని వదిలివేయవలసినదని రైతుకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా గింజ నాణ్యతను, మార్కెట్ ధరను చూసుకునే రైతు వినేవాడు కాడు. హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థ, సీసీఎంబీ కలిసి మార్కర్ల సహాయంతో మూడు నిరోధక జన్యువులను ఆ రకంలోనికే ప్రవేశపెట్టి, మెరుగైన సాంబ మసూరిని 2008లో అందించాయి. రకం అదే, వంట గుణం అదే. లోపించిన రక్షణ మాత్రం చేర్చబడినది. పాత కంప్యూటరుకు వినియోగదారులు కోరుతున్నదీ ఇంతే. కొత్త హంగులు, కృత్రిమ మేధ సదుపాయాలు పాత యంత్రానికి రావాలని కోరడం సబబు కాదు. కనుగొన్న లోపాన్ని సరిదిద్దమని కోరడం సబబే, ఎందుకంటే ఆ లోపం అమ్మిన వస్తువులో అమ్మిన నాడే ఉన్నది.

సరిదిద్దడం అసాధ్యమన్న వాదన కూడా నిలువదు. విండోస్ 10కు చెల్లింపుతో కూడిన పొడిగింపు అప్‌డేట్లు సంస్థలకు మూడేళ్ల పాటు లభిస్తున్నాయి. వాణిజ్య సంస్థలకు మొదటి ఏడాది యంత్రానికి 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు. సామూహిక లైసెన్సు గల విద్యాసంస్థలకు వరుసగా 1, 2, 4 డాలర్లు. (కృషి విజ్ఞాన కేంద్రం వంటి చిన్న కార్యాలయంలో ఈ వెసులుబాటు గురించి తెలిసినవారు ఎందరు అన్నది వేరే ప్రశ్న.) అంతకు మించి, పరిశ్రమలలోని ప్రత్యేక యంత్రాల కోసం ఉద్దేశించిన విండోస్ 10 దీర్ఘకాలిక రూపం ఒకదానికి 2032 జనవరి వరకు మద్దతు ప్రకటించబడినది. అనగా సవరణలు రాయబడుతూనే ఉంటాయి. అవి ఎవరికి అందాలి, ఎంత ధరకు అందాలి అన్నది సాంకేతిక పరిమితి కాదు, వ్యాపార నిర్ణయం.

అప్‌డేట్లు లేకపోతే ఏమవుతుందో 2017 మే నెలలో వన్నాక్రై చూపించినది. బ్రిటన్ ఆసుపత్రులు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. మద్దతు 2014లోనే ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం సంస్థ అప్పుడు ప్రత్యేకంగా సవరణను విడుదల చేయవలసి వచ్చినది. అయితే మద్దతులో ఉన్న సిస్టమ్‌లకు ఆ సవరణ అదే ఏడాది మార్చిలోనే సిద్ధమైనదని, చాలా కార్యాలయాలు దానిని వేసుకోనే లేదని కూడా అంగీకరించాలి. తప్పంతా తయారీదారులదేనని చెప్పడం సులభం; ప్రయోగశాలలో "అప్‌డేట్ వద్దు" అన్న మీటను నొక్కిన చేయి మాత్రం తయారీదారుది కాదు.

విధానపరంగా దారి కొంత ఏర్పడినది. ఐరోపా సమాజంలో 2025 జూన్ 20 నుండి స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్లకు వర్తిస్తున్న నిబంధన, అమ్మకం నిలిపిన తేదీ నుండి కనీసం ఐదేళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు అందించాలని నిర్దేశిస్తున్నది. లెక్క అమ్మకం ముగింపు నుండి మొదలవుతుందన్నదే దీనిలోని విశేషం. కంప్యూటర్లు దీని పరిధిలో లేవు. క్రోమ్‌బుక్‌లకు పదేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించినది కనుక పదేళ్ల గడువు ఊహకందనిది కాదు. భారతదేశంలో 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై నియమించిన కమిటీ, మొదటి విడతలో వ్యవసాయ పరికరాలను, మొబైల్ ఫోన్లను, టాబ్లెట్లను చేర్చినది. ట్రాక్టరు విడిభాగాన్ని హక్కుగా పరిగణించిన చోట, కంప్యూటరు భద్రతా సవరణను ఔదార్యంగా పరిగణించడానికి కారణం కనిపించదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడగా, సక్రమంగా సేకరించి పునర్వినియోగానికి మళ్లించినట్లు నమోదైనది 22.3 శాతం మాత్రమే. పనిచేసే యంత్రాలను ఆ కుప్పలో చేర్చే ముందు సంస్థలు సమాధానం చెప్పవలసి ఉన్నది.

లినక్సుకు మారమన్న సలహా తరచుగా వినిపిస్తుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో ఏళ్ల తరబడి నడుస్తున్నాయి; గణాంక విశ్లేషణకు ఆర్ వంటి సాధనాలు దానిపై చక్కగా పనిచేస్తాయి. విద్యార్థుల పాత ల్యాప్‌టాప్‌లకు ఇది మంచి మార్గమే. కాని పరికరాలను నడిపే సాఫ్ట్‌వేరులో అధిక భాగం విండోస్‌కే కట్టుబడి ఉన్నది. అను లిపులతో పేజ్‌మేకరులో కూర్చిన తెలుగు సంచికల పాత ఫైళ్లకూ అదే పరిస్థితి. కనుక ఆపరేటింగ్ సిస్టమ్ సంస్థలను నిలదీసేటప్పుడు పరికరాల తయారీదారులను విడిచిపెట్టరాదు. లక్షల రూపాయల పరికరంతో పాటు అందించిన సాఫ్ట్‌వేరును పదేళ్లు నవీకరించని సంస్థ బాధ్యత తక్కువేమీ కాదు.

విశ్వవిద్యాలయాల టెండరు పత్రాలలో ప్రాసెసరు వేగం, మెమరీ, మూడేళ్ల వారంటీ అడుగుతారు. భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ వరకు అందుతాయో రాతపూర్వకంగా తెలుపవలసినదని, పరికరాలైతే సాఫ్ట్‌వేరును తదుపరి ఆపరేటింగ్ సిస్టమ్‌లకు అదనపు రుసుము లేకుండా మార్చి ఇవ్వవలసినదని కోరే నిబంధనలను చేర్చడానికి కేంద్ర చట్టం కోసం వేచి ఉండనవసరం లేదు. తదుపరి కొనుగోలు కమిటీ సమావేశం చాలును.