గండిపేట రోడ్డుపై వేగానికి కళ్లెం వేయాలి

హైదరాబాద్ పడమటి అంచున నార్సింగి నుంచి గండిపేట, శంకర్‌పల్లి వైపు సాగే రోడ్లపై శని, ఆదివారాల ఉదయాలలో మోటారు వాహనాల వేగాన్ని గంటకు 40 కిలోమీటర్లకు పరిమితం చేయాలి. ఆ పరిమితి బోర్డుల మీద మిగిలిపోకుండా కెమెరాలతో అమలు కావాలి. వారమంతా దొరకని ఖాళీ రోడ్డు కోసం, ఉస్మాన్‌సాగర్ మీది గాలి కోసం సైకిళ్లు తెల్లవారకముందే ఆ దారి పడతాయి. అదే ఖాళీని చూసి ఖరీదైన కార్లు, పెద్ద మోటారు సైకిళ్లు కూడా అటే వస్తాయి. చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్లే కుటుంబాలు, అనంతగిరి కొండలకు విహారానికి బయలుదేరిన బృందాలు, కంకర మోసే టిప్పర్లు వాటికి తోడవుతాయి. గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలుకూ, దానికి మూడింతల వేగంతో వెనుక నుంచి వచ్చే కారుకూ ఒకే తారు పట్టీ ఆధారమైనప్పుడు, ప్రమాదాన్ని దురదృష్టంగా వర్ణించడం బాధ్యతను దాటవేయడమే.

వాహనం ‘ఆగే దూరం’ రెండు భాగాలుగా ఉంటుంది: డ్రైవరు అడ్డంకిని గుర్తించి బ్రేకు నొక్కేలోపు బండి పోయే దూరం ఒకటి, బ్రేకు పడిన తరువాత అది జారుతూ పోయే దూరం మరొకటి. మొదటిది వేగంతో సమానంగా పెరుగుతుంది. రెండోది వేగపు వర్గాన్ని బట్టి, అంటే వేగం రెట్టింపైతే నాలుగింతలుగా పెరుగుతుంది. డ్రైవరు స్పందనకు ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు దాదాపు 26 మీటర్లలో ఆగగలదు. 80తో వచ్చేదానికి 70 మీటర్లు కావాలి. మసక వెలుతురులో, మలుపు తిరిగీ తిరగగానే సైకిలు కనబడితే అంత దూరం ఎక్కడిది? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయని, అందులో 71 శాతానికి పైగా మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ లెక్కలే చెబుతున్నాయి. నడిచేవారు, సైకిలు తొక్కేవారు మోటారు వాహనాలతో కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లు దాటరాదని 2020 నాటి స్టాక్‌హోమ్ ప్రకటన సూచించింది. దానితో పోలిస్తే ఇక్కడ కోరుతున్న 40 ఉదారమైన పరిమితే.

ఔటర్ రింగు రోడ్డు సర్వీసు దారి వెంట 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌర కప్పు సైకిల్ ట్రాక్ మెచ్చదగిన నిర్మాణం. అయితే, ట్రాక్ ఉండగా రోడ్డు మీదికి రావడం ఎందుకని ప్రశ్నించడం సరికాదు. ఆ ట్రాక్‌ను చేరుకోవడానికైనా మామూలు రోడ్లనే దాటాలి. పైగా, హెల్మెట్ పెట్టుకుని వ్యాయామానికి వచ్చే ఉద్యోగులతో పాటు, కొత్త అపార్టుమెంట్లలో పనికి వెళ్లే తోటమాలులూ వాచ్‌మన్‌లూ కూడా సైకిళ్ల మీదే వస్తారు. వారి దారిలో ఎవరూ సౌర కప్పు వేయలేదు. ఔటర్ ప్రధాన మార్గంపై సైకిళ్లకు ప్రవేశం లేకపోవడం న్యాయమే కాని, మిగిలిన రోడ్లపై సైకిలుకూ కారుకున్నంత హక్కు ఉంది.

ఆ హక్కుకు కొలత కూడా అవసరం. సైకిలును దాటే వాహనం దానికి పక్కగా వదలవలసిన ఎడాన్ని జర్మనీ 2020లో ఊళ్లలో ఒకటిన్నర మీటరుగా, ఊళ్ల బయట 2 మీటర్లుగా నిర్ణయించింది. ఇలాంటి అంకె రాష్ట్ర నిబంధనలలోకి ఎక్కితే తప్ప, జాగ్రత్తగానే దాటానన్న డ్రైవరు వాదనను ఖండించడానికి పోలీసుల చేతిలో ఏమీ ఉండదు. మోటారు లేని వాహనాల, పాదచారుల రాకపోకలపై నియమాలు చేసే అధికారాన్ని మోటారు వాహనాల చట్టంలోని 138(1ఎ) సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ నియమాలు రూపొందించాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది.

సైకిలు బృందాలకూ కొన్ని అలవాట్లు మారాలి. ముగ్గురు నలుగురు పక్కపక్కన కబుర్లాడుకుంటూ పోవడం, వెనుక ఎర్ర దీపం లేకుండా చీకట్లో బయలుదేరడం, సర్వీసు రోడ్డుపై ఎదురు దిశలో రావడం, చెవుల్లో పాటలు పెట్టుకోవడం మానుకోవలసినవే. అంతమాత్రాన రెండు పక్షాల తప్పులనూ ఒకే తక్కెడలో తూచలేము: సైకిలు నడిపేవారు తప్పు చేసినా, కారు నడిపేవారు తప్పు చేసినా ప్రాణం పోయేది చాలావరకు సైకిలు మీదున్నవారిదే.

అమలు విషయంలో స్పీడ్ గన్‌తో ఒక మలుపు దగ్గర నిలబడి చలానాలు రాసే పద్ధతి చాలదు, ఎందుకంటే ఆ చోటు తెలిసినవారు అక్కడ నెమ్మదించి, దాటగానే మళ్లీ దూసుకుపోతారు. రెండు చోట్ల బండి నంబరును నమోదు చేసి, మధ్య దూరాన్ని పట్టిన కాలంతో భాగించి వేగం తేల్చే ‘సగటు వేగ’ కెమెరాల ముందు ఆ ఉపాయం సాగదు. అడ్డరోడ్లు తక్కువగా ఉన్న భాగాలకు అవి బాగా నప్పుతాయి.

ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. నిర్ణీత రోడ్లపై వేగాన్ని తగ్గించడానికి మోటారు వాహనాల చట్టంలోని 112వ సెక్షన్, కొన్ని రకాల వాహనాలను నిలిపివేయడానికి 115వ సెక్షన్ ప్రభుత్వానికి అధికారమిస్తున్నాయి; ఆంక్ష నెల రోజులు మించకపోతే గెజెట్‌లో ప్రకటించవలసిన పని కూడా లేదు. 2021లో ఆదివారం సాయంత్రాలు జనవిహారం కోసం ట్యాంక్‌బండ్ మీద మొత్తం వాహనాలనే ఆపగలిగిన యంత్రాంగానికి, ఊరి చివర నాలుగు గంటల పాటు వేగం తగ్గించడం భారం కాబోదు. ఉదయం 5 నుంచి 9 వరకు 40 కిలోమీటర్ల పరిమితిని, అదే సమయంలో టిప్పర్లపై నిషేధాన్ని ఒక నెల పాటు అమలు చేసి, అంతకుముందు నమోదైన వేగాలనూ ఆ నెలలో నమోదైన వేగాలనూ పక్కపక్కన పెట్టి ట్రాఫిక్ పోలీసులు ప్రజలకు వెల్లడించాలి. ఆ అంకెలు ఆశాజనకంగా ఉంటే ఆంక్షలను గెజెట్‌కెక్కించి శాశ్వతం చేయాలి. ఇదే ఇబ్బంది ఉన్న విశాఖ–భీమిలి తీర రోడ్డు గురించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అప్పుడు ఆలోచించవచ్చు.